ఎడ్మండు జెండాకి బంగారు జరీ

వెనకటికి ఇంగ్లండులో సింహాసనం కోసం అన్నదమ్ముల బిడ్డలే కత్తులు దూసుకున్నారట. గిల్బర్టు ప్రభువుకి మాత్రం, విచిత్రం చూడండి, సింహాసనం కన్నా పెదనాన్న కొడుకు ఎడ్మండు జెండా మీదే కన్ను. అది మైలు దూరానికీ ధగధగా మెరిసేది. కడుపు మండి, రెండిళ్ల జెండాలూ కుట్టే ఆగ్నెసును పిలిపించాడు.

"వాడికి బంగారు జరీ, నాకు నూలు దారమూనా? నీ చేతులు నరికిస్తాను."

"చిత్తం దొరా," అంది ఆగ్నెసు. "యుద్ధంలో జెండా పక్కనే కదా దొర నిలబడేది. అవతలి విలుకాళ్లు ముందు జెండానే వెతుక్కుంటారు. మీకూ అంత మెరిసేది కుట్టమంటారా?"

గిల్బర్టు మెడ తడుముకున్నాడు. గొంతు తగ్గించాడు.

"నాకొద్దులే. ఇంట్లో జరీ ఉంది, పట్టుకుపో. అన్నయ్య జెండాకి ఇంకాస్త కుట్టు."