మంత్రిగారి బాదం విస్తరి

పూర్వం, కంప్యూటర్లు అప్పటికే ఉండేవనుకోండి, ఒక రాజుగారు వంటశాలకి ఒకటి మంజూరు చేశారు.

"సొమ్మంతా చురుకైన ప్రాసెసర్‌కే పెడదాం! పనులు పరుచుకునే ర్యామ్ కాస్త ఉంటే చాలు," అన్నాడు మంత్రి.

వంటల పట్టిక, సరుకుల లెక్క, పాటలు అందులో ఒకేసారి తెరవాల్సిన వంటమనిషి కామాక్షమ్మకి ఆ కాస్త చోటు చాలదు. ఎదురు చెబితే వంటపని ఊడుతుంది.

మధ్యాహ్నం రాజుగారి పక్కన కూర్చున్న మంత్రికి ఒకే ఒక్క బాదం ఆకు వేసి మెరుపులా వడ్డించింది. పప్పు వెయ్యడానికి అన్నం తీసేసింది. కూర వెయ్యడానికి పప్పు తీసేసింది.

"నన్ను తిననిస్తావా?"

"చెయ్యి చురుగ్గానే ఆడుతోంది కదండీ!"

"చురుకెవడిక్కావాలి? ముందు పెద్ద విస్తరి వెయ్యి!" గావుకేక పెట్టాడు మంత్రి.

కామాక్షమ్మ రాజుగారి వైపు తిరిగింది. "విన్నారుగా ప్రభూ! ర్యామ్ పెంచమని మంత్రిగారే సెలవిస్తున్నారు."