ముప్పావు గంప దుప్పటి

పల్లేరుగుట్ట కింద పరుపుబండ మీద ప్రతి బుధవారం జంతువుల అంగడి జరిగేది. అక్కడ రూపాయలు చెల్లవు. ఎండిన తుమ్మకాయలే డబ్బు. ఆకలైతే తినొచ్చు, కాకపోతే దాచుకోవచ్చు. ఇంత మంచి ఆలోచన మనుషులకు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ అంగడిలో బేరం ఆడటంలో బొల్లి మేకను మించినవాళ్లు లేరు. రేగాకు కొనాలన్నా ముందు నాలుగాకులు ఊరికే నమిలి, చేదుగా ఉన్నాయని ముఖం చిట్లించి, సగం ధరకు మోసుకుపోయే రకం. దుకాణదారులు ఆమెను దూరం నుంచి చూసే ధర పెంచి చెప్పేవారు. ఆమె తగ్గించాక ఎలాగూ అసలు ధరకే వస్తుందని వాళ్ల లెక్క.

ఆ ఏడు బొల్లికి, ముసుర్లు మొదలయ్యే పుష్యాల కార్తె ముంగిట్లో కవలలు పుట్టారు. మేక జాతికి వానంటే గిట్టదు. పసిపిల్లలకైతే ప్రాణం మీదికే వస్తుంది. కిందటేడు ముసురుకు తడిసి ఆమె పిల్ల ఒకటి మూడు రోజులు దగ్గి దగ్గి చనిపోయింది. ఆ దగ్గు బొల్లికి ఇంకా చెవుల్లోనే ఉంది. ఈ ఇద్దరినైనా దక్కించుకోవాలని, ఎండాకాలమంతా ఏరి దాచిన ఐదు గంపల తుమ్మకాయలను తలుచుకుంటూ, పైన కప్పేందుకు ఏదైనా కొందామని అంగడికి బయల్దేరింది.

ముందుగా పొట్టేలు బీరయ్య దగ్గరికే పోయింది. బీరయ్య గొంగళ్లు నేస్తాడు. వరసకు బావ. మొరటు మనిషి అందామంటే మనిషి కాదు గానీ, మొరటుతనానికి మాత్రం లోటు లేదు. వచ్చినవాళ్లను కూర్చోమనడు, మంచీచెడూ అడగడు. ధర అడిగితే తల ఎత్తకుండానే నాలుగు గంపలన్నాడు.

"నాలుగు గంపలా? బంగారం గిట్ల నేసినవా బావా అండ్ల?"

"బంగారం నేస్తే వాన ఆగదు. ఉన్ని నేస్తే ఆగుతది."

బొల్లి గొంగడిని ముక్కుతో తడిమి చూసింది. నల్లగా, బిర్రుగా, రేకులా ఉంది. గుచ్చుకుంటోందని ఒక వంక పెట్టింది. కొత్త గొంగడి రెండేళ్లు గుచ్చుకుంటుందని, ఆ తర్వాత ఇరవై ఏళ్లు మెత్తగా ఉంటుందని అతను చెప్పాడు. వాసన వస్తోందని మరో వంక పెట్టింది. ఆ వాసన తనదేనని బీరయ్య గుర్రుగా అన్నాడు. మంద మొత్తం ఏడాది పెంచిన ఉన్ని, నెల రోజుల నేత, ఆపైన చింతగింజల గంజి పట్టించి ఎండబెట్టడం, ఇంత పని ఉందని గొణిగాడు. చివరికి ఓపిక నశించి అసలు మాట బయటపెట్టాడు.

"మనోళ్లు నేసింది మనోళ్లే కొనకుంటే నేనెట్ల బతకాలె బొల్లీ?"

"మనోడివని నీ మొకం జూసి నాలుగు గంపలియ్యాల్నా? మొకం ఉత్తగనే రోజూ జూస్తున్న గదా బావా."

బీరయ్యకు కోపం వచ్చింది. గొంగడి మడతపెట్టి వెనక్కి పెట్టేసుకున్నాడు. నిజానికి ఆ గొంగట్లో నీళ్లు పోసి చూపించి ఉంటే ఒక్క చుక్క కారేది కాదు, బేరం అక్కడే తెగేది. కానీ తన నేతకు తానే పరీక్ష పెట్టి అమ్ముకోవడం అతనికి చిన్నతనం. మంచి పనివాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉంటుంది.

అవతలి వరుసలో నక్క దుకాణం కళకళలాడుతోంది. ఈ ఎండాకాలమే పెట్టాడు. పట్నం దుప్పట్లు అమ్ముతాడు. అందరూ అతన్ని సేటు అనేవాళ్లు. మాంసం మానేశానని మొదటిరోజే అంగడి నడిమధ్య నిలబడి చాటించాడు. దాన్ని ఎవరూ నమ్మలేదు. అయితే దుప్పటి ఒక్క గంపకే ఇస్తుంటే నమ్మకంతో పనేముందని అందరూ కొన్నారు. బర్రె ఎల్లవ్వ రెండు కొన్నది. ఎల్లవ్వకు వానలో తడవడమంటే ప్రాణం. మరి దుప్పట్లెందుకని అడిగితే, ఈ ధరకు మళ్లీ దొరకవు గదా అంది.

బొల్లిని చూడగానే సేటు లేచి నిలబడ్డాడు. నీళ్లిచ్చాడు. బాలింతవు ఎండలో ఎందుకొచ్చావని నొచ్చుకున్నాడు. పిల్లలు ఎంతమంది, ఎన్నాళ్ల వాళ్లు, బాగా బలిశారా, దొడ్డి గుట్టకు ఏ పక్కన ఉంది, రాత్రిపూట తోడు ఎవరైనా ఉంటారా అని ఒక్కొక్కటే ఎంతో ఆపేక్షగా అడిగాడు. బొల్లి అన్నీ చెప్పింది. దుకాణదారు అంటే ఇలా ఉండాలి, ఆ బీరయ్య ఒక్కనాడైనా పిల్లల మాటెత్తాడా అనుకుంది.

ఆమె బూడిదరంగు దుప్పటి పట్టుకుంటే సేటు దాన్ని మెల్లగా లాగేసి పసుపుపచ్చది ముందు పెట్టాడు.

"పసిపిల్లలకు పచ్చదే మంచిగుంటదక్కా. పసుపు శుభం. ఎల్లవ్వకైతే ఏ రంగైనా నడుస్తది."

దుప్పటి దూదిలా మెత్తగా ఉంది. మెత్తగా ఉందని ఒప్పుకుంటే ధర తగ్గదు కాబట్టి బొల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి, పల్చగా ఉందని పెదవి విరిచి, ముప్పావు గంపకు అడిగింది. సేటు వెంటనే సరే అన్నాడు.

బేరమాడేవాళ్లకు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. అరగంపకు అడగాల్సింది అని బొల్లి ఇల్లు చేరేదాకా కుమిలిపోయింది. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడన్న అనుమానం మాత్రం ఆమెకు రాలేదు.

మర్నాడు ముసురు పట్టింది. మొదటిపూట దుప్పటి బాగానే ఉంది. మధ్యాహ్నానికి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మూడో రోజుకు తాగి తాగి, పిండితే బిందెడు కారేంత బరువెక్కింది. దాని కింద పిల్లలు కదల్లేక వణుకుతున్నారు. ఆ ఉదయం చిన్నది ఒకసారి దగ్గింది. ఒక్కసారే. బొల్లికి అదే చాలింది. తుమ్మకాయలు పోతే పోయాయి, ఈ సేటుగాడి సంగతి తేల్చుకుంటానని, పిల్లలను కదలొద్దని చెప్పి, గుట్ట మీదున్న నక్క గుహకు బండలెక్కుతూ పోయింది.

గుహ ముందు ఆమె కాళ్లు ఆగిపోయాయి. అక్కడ తుమ్మకాయలు గుట్టగా పడి ఉన్నాయి. అంగడిలో అందరూ ఇచ్చినవే. నాని, బూజు పట్టి, వాసన కొడుతున్నాయి. ఒక్కదాని మీద కూడా పంటిగాటు లేదు. నక్క తుమ్మకాయలు తినదు గదా అన్న సంగతి బొల్లికి అప్పుడు గుర్తొచ్చింది. సేటు అంగడిలో ఏదైనా కొనగా చూసినట్టు కూడా గుర్తులేదు. తినడు, ఖర్చుపెట్టడు, మరి ఈ వ్యాపారం దేనికోసం చేస్తున్నట్టు?

ఆలోచిస్తూ వెనక్కి తిరిగి కిందికి చూసింది. ముసురులో లోకమంతా ఒకటే బూడిదరంగు. బండలు, పొదలు, దొడ్లు అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు. ఒకటి మాత్రం దీపం పెట్టినట్టు మెరుస్తోంది. పసుపుపచ్చగా. దాని కింద తన పిల్లలిద్దరూ ఉన్నారు.

అప్పుడు బొల్లికి అసలు లెక్క తెలిసింది. సేటు అమ్మింది దుప్పటి కాదు. తన పిల్లలు ఎక్కడున్నారో గుహలోంచే కనబడేలా గుర్తు పెట్టుకున్నాడు, పైగా వాళ్లు పరుగెత్తకుండా నెత్తిన బరువు వేశాడు. దానికి ముప్పావు గంప తానే ఇచ్చి వచ్చింది.

"ఏమక్కా, ఇంత వానల ఇట్లొచ్చినవ్?" గుహలోంచి సేటు ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు.

బొల్లి బేరగత్తె. లోపల ఎంత మండుతున్నా ముఖంలో కనబడనివ్వకపోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. దుప్పటి తడిసిందని, బరువుగా ఉందని, తీసేయమంటావా అని అమాయకంగా అడిగింది.

"తియ్యకక్కా, తియ్యకు. పిల్లల వేడికి అదే ఆరుతది. ఇయ్యాల రాత్రికి అసలే తియ్యకు."

సరే సేటూ అని తలూపి, మెల్లగా బండ మలుపు దాటి, అక్కడి నుంచి ఒక్క పరుగు తీసింది. ముందు పిల్లలను దుప్పటి కిందినుంచి లాగి బండసందులో దాచింది. దుప్పటిని అక్కడే కుప్పగా వదిలి, నేరుగా బీరయ్య ఇంటికి వెళ్లింది.

బీరయ్య మొత్తం విన్నాడు. నేను ముందే చెప్పానా లేదా అని మొదలుపెట్టబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. మొరటువాడే గానీ చెడ్డవాడు కాదు. గొంగడి తీసి భుజాన వేసుకున్నాడు. ఏం చేద్దామని అడిగాడు. బొల్లి చెప్పింది. అంతే, బీరయ్య కొమ్ములు నిక్కబొడుచుకున్నాయి.

"ఆ గుడ్డ నేను కప్పుకోవాల్నా? గొంగళ్లు నేసెటోన్ని! నలుగురు జూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ముసురుల ఎవరు జూస్తరు బావా?"

"పచ్చగ మెరుస్తదని నువ్వే అంటివి గదా."

బొల్లికి ఇక మాట్లాడే ఓపిక లేదు. "నాలుగు గంపలిస్త. ఒక్క కాయ తగ్గియ్యమని అడగ," అంది. బొల్లి నోటివెంట అలాంటి మాట వినడం పరుపుబండ పుట్టాక అదే మొదటిసారి. బీరయ్య తెల్లబోయాడు. పదమన్నాడు.

పొద్దు గూకే వేళకు పసుపుపచ్చ దుప్పటి ఎక్కడుండాలో అక్కడే ఉంది. దాని కింద బీరయ్య కాళ్లు ముడుచుకుని, లోలోపల తిట్టుకుంటూ పడుకున్నాడు. నాలుగడుగుల దూరంలో గొంగడిని నెత్తి మీంచి కొప్పెరగా కప్పుకుని, కడుపు కింద పిల్లలను దాచుకుని బొల్లి కూర్చుంది. చూసేవాళ్లకు అక్కడ ఒక నల్లబండ ఉన్నట్టే ఉంది.

నక్క వచ్చాడు. అడుగు చప్పుడు లేదు, వాసన మాత్రం వచ్చింది. దుప్పటి వైపే చూస్తూ, ఒక్క క్షణం ఆగి, ముందు కాలు తీసుకొచ్చి బండ అనుకుని బొల్లి వీపు మీద పెట్టాడు. బొల్లి ఊపిరి బిగబట్టింది. గొంగడి మెడ మీద భరించలేనంత గుచ్చుకుంటోంది. పైన వాన దంచుతోంది. అంత భయంలోనూ ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. లోపల ఒక్క చుక్క పడలేదు. పిల్లలు వెచ్చగా, పొడిగా ఉన్నారు. చిన్నది నిద్రపోయింది కూడా.

నక్క కాలు తీసుకుని ముందుకు పోయాడు. దుప్పటి అంచు పళ్లతో పట్టి ఎత్తాడు. లేత మెడ కోసం చూసినవాడికి మెలిబడిన కొమ్ములు కనిపించాయి.

"ఏం సేటూ, సరుకు వాపస్ తీస్కుంటవా?" అన్నాడు బీరయ్య. అని ఊరుకోలేదు, కుమ్మాడు. నెలల తరబడి అమ్ముడుపోని గొంగళ్ల ఉక్రోషమంతా ఆ ఒక్క కుమ్ములో ఉంది. నక్క ఎగిరి రేగుకంపలో పడ్డాడు. వెంట దుప్పటీ వెళ్లి, తడితడిగా అతని మెడకూ కాళ్లకూ చుట్టుకుంది. విదిలిస్తే రాలేదు, లాగితే ఇంకా బిగిసింది. దాంతోనే పడుతూ లేస్తూ పరుగు అందుకున్నాడు. ఎంత పరుగెత్తినా ఏ పొదలో దూరినా పచ్చగా మెరుస్తూనే ఉన్నాడు. ఊరకుక్కలు పొలం గట్టు మీంచి చూశాయి. అంత దూరం నుంచి, అంత ముసురులో, వాటికి ఎప్పుడూ ఏ నక్కా అంత స్పష్టంగా కనబడలేదు. బరువుతో అతను వేగంగా పరుగెత్తలేకపోయాడు. ఆ తర్వాత ఏమైందో కుక్కలకు తెలుసు. పల్లేరుగుట్ట మీద మాత్రం నక్క మళ్లీ కనబడలేదు.

బొల్లి నాలుగు గంపలూ కొలిచి ఇచ్చింది. ఇస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట ఇచ్చింది కాబట్టి తగ్గించమని అడగలేదు, గొంగడికి రెండు ఉన్ని పోగులు కొసరు వేయమని మాత్రం అడిగింది. బీరయ్య ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆ వానకాలమంతా ఆమె ఎండుటాకులు తిని గడిపింది. మెడ గీరుకుంటూనే ఉంది. కవలలు మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆ మరుసటి బుధవారం అంగడికి బీరయ్య ఒక గొంగడిని నాలుగు కర్రలకు కట్టి, అందులో కడివెడు నీళ్లు పోసి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు. జనం వంగి వంగి కింద తడి కోసం చూశారు. బర్రె ఎల్లవ్వ కూడా చూసింది. చూసి, తన దుప్పట్లే మంచి బేరమని, తన జోలికి ఏ నక్కా రాలేదని అందరికీ చెప్పుకుంటూ పోయింది.

మంచి సరుకుకు ధర ఒక్కసారే కడతాం. మరీ చవకగా వచ్చినదానికి మిగతా ధర వసూలు చేసుకోవడానికి ఎవరు, ఏ వేళ వస్తారో తెలియదు.