కిటికీ కింద మెంతికూర

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి పక్కనుండే చిన్న ఊళ్ళో, నాంచారయ్య అని ఒక గాజుల తాత ఉండేవాడు, బంగారూ. గాజులన్నీ తాడుకి గుచ్చి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు.

ఒక ఏడు ఆయనకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గానీ ఒంట్లోకి సత్తువ రాలేదు. డాక్టరుగారు చూసి, "జబ్బేం లేదు, లేచి నాలుగడుగులు వేస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. తాత వింటేనా. "ఇంక నావల్ల కాదు వరాలూ" అని భార్యతో చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే రెండు ముద్దలు కూడా తినేవాడు కాదు. వరాలమ్మకి దిగులు పట్టుకుంది.

అప్పుడు ఆవిడ పాత నూనె డబ్బాలకి అడుగున చిల్లులు పొడిచి, మట్టీ పేడ ఎరువూ కలిపి నింపింది. ఒకదాంట్లో మెంతులు చల్లింది, ఒకదాంట్లో పుదీనా కాడలు గుచ్చింది, ఇంకోదాంట్లో వామాకు కొమ్మ నాటింది. మూడూ తాత మంచం పక్క కిటికీ బయట పెట్టింది. "నేను పనిలో ఉంటాను. కాస్త చూస్తూ ఉండవయ్యా" అంది.

"చూడ్డానికి ఏముంది, మట్టేగా" అన్నాడు తాత. కానీ మెంతులు మొలకెత్తిన పొద్దున మోచెయ్యి ఆనించి లేచి చూశాడు. ఆ తర్వాత రోజూ చూశాడు.

ఆ పచ్చదనానికి పక్కింటి పోలమ్మ మేక వచ్చింది. తాత మంచం మీంచే "హేయ్" అని అరిచాడు. అది పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. అప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి అదిలించాడు. మూడోసారి అది అరుపుకీ బెదరలేదు, అదిలింపుకీ కదల్లేదు. మెంతికూరలో మూతి పెట్టేసింది. వరాలమ్మేమో నీళ్ళకి వెళ్ళింది.

అప్పుడు తాత గోడ పట్టుకుని గడప దాటాడు. దాటాక గోడ వదిలేశాడు. గబగబా వెళ్ళి మేక చెవి పట్టుకున్నాడు.

పోలమ్మ చూసి, "బాబాయ్, నడుస్తున్నావే" అంది.

తాత తన కాళ్ళవంక చూసుకున్నాడు. నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడ్డాడు. బిందెతో వచ్చిన వరాలమ్మ, ఎండలో కూర్చుని నవ్వుతున్న మొగుణ్ణి చూసి, బిందె దించడం కూడా మర్చిపోయింది.

"ఆకలేస్తోందే" అన్నాడు తాత. "మేక తినగా మిగిలింది పప్పులో వెయ్యి."

ఆ పూట మారు అడిగి పెట్టించుకున్నాడు. ఆ తర్వాత మొక్కలకి తనే నీళ్ళు పోశాడు, మట్టి గుల్ల చేశాడు, దొడ్లో బచ్చలీ అవీ నాటి పందిరి వేశాడు. ఒంటికి ఎండ తగిలింది, ఆకలి పుట్టింది, ఒళ్ళెరగని నిద్ర పట్టింది. దగ్గొస్తే వామాకు కషాయం, నోరు చప్పగా ఉంటే పుదీనా పచ్చడి. వానలు పడేసరికి దొడ్డంతా పచ్చగా అయింది. ఆ పచ్చదనం మధ్య నిలబడి, తువ్వాలు తలకి చుట్టుకుని, తాత కేకేశాడు. "వరాలూ, బచ్చలి తీగ పందిరెక్కింది, వచ్చి చూడు."

మొక్కకి నీళ్ళు, తాతకి కాళ్ళు,
నిద్దరతో వాలాయి నీ కళ్ళు.
కథేమో కంచి దారి పట్టింది,
మనకేమో కమ్మని కునుకు పట్టింది.