ఇనుము వేయని ఫ్లాస్కు

చార్వాకకు కాలు నిలవడం లేదు. పల్లేడియం ఊసే లేకుండా, ఇనుముతో, నీళ్లలోనే రెండు అణువుల్ని అతికించాడు. మందుల తయారీలో ఆ అతుకు పడాలంటే ఇన్నాళ్లూ పల్లేడియమే దిక్కు. కొండల్ని తవ్వి, నదుల్ని చెరిచి తెచ్చే లోహం అది.

పరిశోధన పేపరు రాసేశాడు. పత్రికకు పంపడానికి అతని గైడు సఫియా మేడమ్ ఊ అనాలి. వారమైనా అనడం లేదు. ఇంకో బృందం కూడా ఇదే పని మీద ఉందని విన్నప్పటి నుంచీ అతనికి నిద్ర లేదు.

"మేడమ్, ఆలస్యం చేయడమంటే తవ్వేవాళ్ల పక్షం వహించడమే," అన్నాడు.

"నా పక్షం సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు నీ ఫ్లాస్కు చూపించు నాయనా."

ఫ్లాస్కులో తిరుగుతూ ద్రవాన్ని కలియబెట్టే చిన్న అయస్కాంతాన్ని ఆమె పైకి తీశారు. కిటికీ వెలుగులో పట్టుకు చూశారు. తెల్లటి పూత మీద పొగచూరినట్టు బూడిద రంగు.

"ఇదెక్కడిది?"

"డ్రాయర్లోది. సీనియర్లు వాడిందే. కొత్తది కొనడం దుబారా కదా. శుభ్రంగా కడిగాను."

"వాళ్లు దేంతో పనిచేసేవాళ్లు?"

"పల్లేడియంతో. అందుకే కదా వాళ్లతో నాకు గొడవ."

ఆమె ఇంకేమీ అడగలేదు. వేరే ఫ్లాస్కులో అన్నీ కొలిచి వేశారు. ఆ పాత అయస్కాంతాన్నే వేశారు. ఇనుము సీసా మాత్రం తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"మేడమ్, ఇది వేయడం మర్చిపోయారు."

"మర్చిపోలేదు. పట్టుకుని కూర్చో."

"వంటవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి పొయ్యి వెలిగించినట్టుంది," అని నవ్వాడు.

కానీ కూర్చోలేకపోయాడు. సీసా పట్టుకుని కిటికీ దాకా, తలుపు దాకా తిరిగాడు. మధ్యలో ఆ బూడిద రంగు గుర్తొచ్చి టక్కున ఆగాడు. మళ్లీ నడిచాడు, ఈసారి వేగంగా.

మధ్యాహ్నం ఆమె ఫ్లాస్కులోంచి ఒక చుక్క తీసి, పరీక్ష ప్లేటు మీద నడిపించి, దీపం కింద పెట్టారు. అణువులు అతుక్కుంటే కనిపించే మచ్చ కనిపించింది. అతను రోజూ చూసేదే. అదే చోట, అంతే గట్టిగా.

చార్వాక దీపం ఆర్పి మళ్లీ వేశాడు. మచ్చ కదల్లేదు. సీనియర్ల పల్లేడియం ఆ పూతలో ఇరుక్కుపోయి, ఎంత కడిగినా వదలక, ఇన్ని నెలలూ అతని ఫ్లాస్కులో పనిచేస్తూనే ఉంది.

"అయితే నా ఇనుము..." సీసా వైపు చూశాడు. "అసలేమీ చేయలేదా?"

సఫియా మేడమ్ ప్యాకెట్టు చించి, కొత్త అయస్కాంతాన్ని అతని ముందు పెట్టారు.

"నీ ఇనుమునే అడుగు. దాని తరఫున నువ్వే మాట్లాడుతున్నావు గానీ, అదింకా నోరు తెరవలేదు."