పట్టీలో లేని చీమలు

గుట్ట మీద ఒక ఇల్లుంది. దాన్ని బాటసారులకు నాలుగేసి రోజులు బసకిచ్చే ఆయన వెనక గదిలో ఉండేవాడు.

ఇంటాయన దగ్గర ఒక పట్టీ ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ అందులో రాసి ఉంటుంది. మంచాలు రెండు, తలగడలు మూడు, నీళ్ళ బిందె ఒకటి, చీపురు ఒకటి, గోడ మేకులు తొమ్మిది. మేకులు కూడానా అని నవ్వకండి. చెప్పు తెగిందని ఒక బాటసారి పదో మేకు పీక్కుపోయాడు. ఆయన దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఎవరు దిగి వెళ్ళినా, వాళ్ళు అసలు దిగనట్టే ఇల్లు ఉండాలని ఆయన పట్టుదల. ఆ విషయం చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. అంత సంబరపడాల్సింది అందులో ఏముందో నాకైతే తెలీదు.

ఆ దారి పద్ధతి ఇది. ప్రతి బాటసారి దగ్గరా ఒక చీటీ ఉంటుంది. బసకు దిగేముందు దాన్ని గుట్ట కింద రేకుల పాకలో కూర్చునే చీటీల పెద్దాయనకు ఇవ్వాలి. ఆయన దాన్ని మేకుకి తగిలిస్తాడు. బాటసారి గుట్ట దిగాక ఇంటాయన పట్టీ పట్టుకుని గదులన్నీ చూస్తాడు. అంతా సరిగ్గా ఉంటే చూరుకి తెల్లగుడ్డ కడతాడు, తేడా ఉంటే ఎర్రగుడ్డ. తెల్లగుడ్డ కనబడితే పెద్దాయన చీటీ మీద ‘సరి’ అని రాసి ఇచ్చేస్తాడు. ఎర్రగుడ్డ అయితే చీటీ మేకు దిగదు. చీటీ లేనివాళ్ళకి ముందు ఊళ్ళలో ఏ తలుపూ తెరుచుకోదు.

ఒకనాడు ఒకావిడ మూట నెత్తిన పెట్టుకుని ఆ గుట్ట ఎక్కింది. ఉప్పుమళ్ళ ఊళ్ళో ఆవిడ కూతురికి బిడ్డ పుట్టింది. బారసాలకు వెళ్తోంది. మూటలో ఒక పాత నూలు చీర ఉంది. వాళ్ళింటి పిల్లలందరూ ఊగింది ఆ చీరతో కట్టిన ఉయ్యాల్లోనే. దారిలో కాళ్ళు వాచిపోవడంతో నాలుగు రోజులు ఆగక తప్పలేదు.

ఆ నాలుగు రోజులూ మూటావిడ ఆ ఇంటిని ఇల్లులాగే చూసుకుంది. పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు చల్లి, గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గేసింది. ఎవరూ అడగలేదు. అడిగితే తప్ప వెయ్యకూడదని ఆవిడకి తోచనూ లేదు. ఐదో రోజు పొద్దున్న కూడా ముగ్గేసి, గడపకి దణ్ణం పెట్టి, మూట ఎత్తుకుని గుట్ట దిగింది.

“అదిగో, నీ గుడ్డ కడుతున్నాడు అమ్మాయ్,” అన్నాడు పెద్దాయన.

అమ్మమ్మ అయ్యాక తనని అమ్మాయ్ అన్నవాళ్ళు లేరు. మూటావిడ మురిసిపోతూ పైకి చూసింది. చూరుకి ఎర్రగుడ్డ ఎగురుతోంది.

ఆవిడ మూట కింద దించేసింది. “నేనేం చేశాను బాబాయ్? బారసాల ఇంకా నాలుగు రోజులే ఉంది. నడక మూడు రోజులు. రాత్రిళ్ళు ఎక్కడ తలదాచుకోను? మనవరాలిని నేను ఉయ్యాల్లో వెయ్యొద్దూ?”

“ఉండు, కంగారుపడకు,” అన్నాడు పెద్దాయన. ఆవిడ కష్టానికి ఆయన బాధపడ్డాడు, నిజమే. కానీ చాలా ఏళ్ళకు దొరికిన తగువు కదా, కండువా దులిపి సర్దుకోవడంలో కాస్త హుషారు కూడా కనిపించింది.

ఇంటాయన పట్టీ చంకలో పెట్టుకుని రొప్పుతూ దిగివచ్చాడు.

“ఏం పోయింది?” అడిగాడు పెద్దాయన.

“ఏం పోలేదు.”

“ఏం విరిగింది?”

“ఏం విరగలేదు.”

“మరి గుడ్డెందుకు కట్టావయ్యా?”

“ఎక్కువొచ్చాయండీ!” అన్నాడు ఇంటాయన. “గుమ్మం ముందు చీమల బారు. దాని పక్కన రెండు పిచ్చుకలు. అరుగు మీద ఒక ఉడత, దానికి తోక సగమే ఉంది. ఇవేవీ నా పట్టీలో లేవు. ఇల్లు నేనిచ్చినట్టు లేదు. పిండి చల్లి వీటన్నిటినీ పిలిచింది ఈవిడే.”

“అవి పిండి తినడానికొచ్చాయి అన్నగారూ. నేను తెచ్చి పెట్టినవి కావు.”

“మరి ఇంకెవరు పిలిచారమ్మా వాటిని? నేనైతే ఇరవై ఏళ్ళలో ఒక్కదాన్నీ పిలవలేదు.”

“ముగ్గు తుడిచేస్తే సరిపోతుందా?” అడిగింది మూటావిడ.

“తుడిచాను. అయినా పోవట్లేదు.”

“నాలుగు రోజుల అలవాటు కదా, ఐదారు రోజులు పిండి దొరక్కపోతే అవే పోతాయి.”

“అయితే ఐదారు రోజులూ ఈ గుడ్డ దింపను.”

అంత మొండి మనిషి. మూటావిడ మూట మీద చతికిలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయనకు కూడా హుషారు తగ్గింది. పద్ధతి ఇంటాయన వైపే ఉంది. ఇల్లు పట్టీ ప్రకారం లేనప్పుడు ఎర్రగుడ్డ దింపమనే హక్కు ఎవరికీ లేదు.

అంతలో పక్క గట్టు మీద మేకలు మేపుకునే ఆవిడ చెంబుతో మజ్జిగ పట్టుకుని వచ్చింది.

“ఇక్కడున్నావా వదినా! పైన చూస్తే తలుపేసి ఉంది. కాళ్ళ వాపు తగ్గిందా?” అంటూ మూటావిడ పక్కన కూర్చుంది. “మొన్న ముగ్గు కనబడ్డాకే కదా ఆ ఇంట్లో మనుషులున్నారని తెలిసింది. ఇన్నాళ్ళూ అది పాడుబడ్డ ఇల్లనుకున్నా.”

“పాడుబడ్డదా?” అన్నాడు ఇంటాయన. “ఇరవై ఏళ్ళ నుంచీ వెనక గదిలో నేనుంటున్నా కదా!”

మేకలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “అవునా? ఎప్పుడూ కనబడలేదే!” అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే ఆయనకి అంత తగిలేది కాదు.

ఇంటాయన పట్టీ విప్పి దానివైపే చూస్తూ నిలబడ్డాడు. మూటావిడ కళ్ళు తుడుచుకుని, ఆయన పక్కకి వచ్చి ఆ పట్టీలోకి తొంగిచూసింది. గీతలే గీతలు. గ్లాసులు ఆరు అన్నది కొట్టేసి ఐదు, అదీ కొట్టేసి నాలుగు. దుప్పట్లు మూడు అన్నది కొట్టేసి రెండు. మేకులు పది అన్నదాని మీదైతే రెండు గీతలు.

“ఇందులో కొట్టివేతలే గానీ కొత్తగా రాసింది ఒక్కటీ లేదేం అన్నగారూ?”

“వచ్చేవాళ్ళెవరైనా పోగొట్టడమో, పగలగొట్టడమో తప్ప ఇంకేం చేస్తారమ్మా?”

“అయితే ఇప్పుడు రాసుకోండి. పట్టీలో లేవనేగా తగువు? రాసేస్తే ఉన్నట్టేగా?”

పెద్దాయన తొడ చరిచాడు. “పట్టీ నీది, కలం నీది. రాయకూడదని ఏ పద్ధతిలోనూ లేదయ్యా!”

ఇంటాయన కలం తీశాడు. ఎక్కడ రాయాలో తెలీక పట్టీ తిప్పితిప్పి చూసి, చివరికి అడుగున రాశాడు. చీమల బారు, ఒకటి. పిచ్చుకలు, రెండు. ఉడత, ఒకటి, తోక సగం. ఆగి, మేకలావిడ వైపు చూసి, “మజ్జిగ రేపు కూడా తెస్తారా?” అని అడిగాడు. తేకేం అంది ఆవిడ. మజ్జిగ చెంబు, ఒకటి అని కూడా రాసేసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ పట్టీ పొడుగవడం అదే మొదటిసారి. పైకి చెప్పలేదు గానీ ఆయనకి భలే సంతోషమేసింది. మడత పెట్టినట్టే పెట్టి, మళ్ళీ విప్పి రెండుసార్లు చదువుకున్నాడు.

“ఇక సరిపోయిందా?” అన్నాడు పెద్దాయన.

“సరిపోయింది. కానీ ఫిర్యాదు ఫిర్యాదే. చీటీ మీద నేను రాస్తాను.”

ఆయన రాసింది ఇది: ‘ఈవిడ దిగిన ఇంట్లో వస్తువులు ఎక్కువవుతాయి. జాగ్రత్త.’

పెద్దాయన అది చదివి మూతి బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. దాని కింద ‘సరి’ అని రాసి, చీటీ ఆవిడ చేతిలో పెట్టి, “దీన్ని ఎక్కడా చింపుకోకు అమ్మాయ్,” అన్నాడు. ఇంటాయన గుట్టెక్కి తెల్లగుడ్డ కట్టేసరికి మూటావిడ మలుపు తిరిగిపోయింది.

మర్నాడు తెల్లారగానే, కొత్త బాటసారులు రాకముందే ఇంటాయన పట్టీతో బయల్దేరాడు. మంచాలు రెండూ ఉన్నాయి. తలగడలు మూడూ ఉన్నాయి. మేకులు తొమ్మిదీ ఉన్నాయి. గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఆయనకి చెమట పట్టింది. చీమల బారు చెదిరిపోయి, నాలుగైదు చీమలు వట్టి నేల మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. పిచ్చుక ఒకటే ఉంది. అదికూడా ఆయన్ని నిలదీసినట్టు చూస్తోంది. ఉడత జాడే లేదు.

లెక్క తగ్గింది! పట్టీలో ఉన్నవి ఇంట్లో లేవు! ఎవరి మీద ఎర్రగుడ్డ కట్టాలి? ఇంట్లో ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

ఆయన గట్టు దాటి పరిగెత్తాడు. మేకలావిడ మేక పాలు పితుకుతోంది.

“అమ్మా, ఒక దోసెడు బియ్యప్పిండి ఉందా? తొందరగా!”

ఆవిడ నవ్వుకుంటూ గిన్నెతో ఇచ్చింది. ఆయన పరుగున వచ్చి, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, చుక్కలు పెట్టాడు. చుక్కలు ఎక్కువయ్యాయి. గీత ఒకచోట మొదలై ఎటో వెళ్ళి దారి తప్పింది. ఆ ముగ్గు ఎంత ఘోరంగా వచ్చిందో నేను చెప్పను. చీమలు మాత్రం ఏ వంకా పెట్టలేదు.

అక్కడ మూటావిడ మూడు రాత్రులూ మూడు ఇళ్ళలో పడుకుంది. ప్రతి ఇంటివాళ్ళూ చీటీ చదివారు. ఫిర్యాదు చదివిన ప్రతివాళ్ళూ రెండు తలుపులూ బార్లా తీశారు. ఒకామెయితే అడక్కుండానే పిండిగిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టింది. నాలుగో రోజున పాత నూలు చీరలో మనవరాలు ఊగింది.

కొన్నాళ్ళకి పెద్దాయన తీరిక చేసుకుని గుట్టెక్కాడు. ఇంటాయన వెనక గదిలో లేడు. ముందు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పక్కన సగం తోక ఉడత ఉంది. పెద్దాయన పట్టీ అందుకుని, పైనున్న కొట్టివేతలన్నీ దాటుకుంటూ అడుగుదాకా చదివాడు. చిట్టచివర, వంకర అక్షరాలతో, కొత్తగా ఒక వస్తువు చేరింది.

‘ముగ్గు, ఒకటి. రోజూ పోతుంది. రోజూ ఉండాలి.’