తెరల కారుకు పడిన దండాలు

ఒక జమీందారు తన పాత తెరల కారును గాజులమ్మే సన్నాసయ్యకు అమ్మేశాడు. కాళ్లు పడిపోయిన భార్య నరసమ్మను అందులో ఊరంతా తిప్పుతూ, సన్నాసయ్య రోజూ ఆ కారుకు మొక్కుకునేవాడు.

జనం మాత్రం లోపల దొరగారే ఉన్నారనుకుని లేచి దండాలు పెట్టేవారు. జమీందారుకు కడుపు మండింది.

"కారు అమ్మాను గాని నా మర్యాద అమ్మలేదురా! తిరిగిచ్చెయ్."

"చిత్తం దొరా. దండం పెట్టాక కష్టాలూ చెప్పుకుంటున్నారు. ఇన్నాళ్లూ తెర వెనక మా ఆడది ఊఁ కొడుతోంది. తమరెక్కండి. చెరువు గండి పూడ్చమని రైతులు వీధి చివర కాచుకున్నారు."

జమీందారు ఎత్తిన కాలు దించేశాడు. "నువ్వే ఉంచుకో."

నరసమ్మ తెర తీసి, ఆయనకు చేతులెత్తి మొక్కింది. ఆ కారు వల్ల ఆయనకు దక్కిన నిఖార్సైన దండం అదొక్కటే.