కర్రెక్క చలిదేశాల ప్రయాణం

అనంతపురం ఎండల గురించి మనుషులు చాలానే చెప్పుకుంటారు గానీ, ఒంటినిండా నల్లటి ఉన్ని కప్పుకుని ఆ ఎండలో తిరగడం ఎలా ఉంటుందో గొర్రెలను అడిగినవాళ్ళు లేరు. కాపరి ఓబన్న మందలో అందరికంటే పెద్దది కర్రెక్క. ఆ ముసలి గొర్రెకు ఎండ మీద బాధే కాదు, కోపం కూడా ఉండేది. దేవుడు తనకు ఈ ఉన్ని ఇవ్వడమో, ఇచ్చి తనను ఇక్కడ పడేయడమో, రెంటిలో ఏదో ఒకటి పొరపాటున చేసుంటాడని అనేది. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె వగరుస్తూనే ఉంది.

ఏటా చలికాలంలో ఊరవతల చెరువులోకి ఉత్తరాది నుంచి పెద్దబాతులు దిగుతాయి. ఆ ఏడు వాటిలో వయసు మళ్ళిన ఒక బాతమ్మకూ కర్రెక్కకూ గట్టు మీద స్నేహం కుదిరింది. బాతమ్మ తను తిరిగిన దేశాల సంగతులు చెబుతుంటే కర్రెక్క గడ్డి నమలడం కూడా మరిచిపోయేది. హిమాలయాల అవతల పక్కపక్కనే మూడు చలిదేశాలున్నాయట. మొదటిది మంచుకొండల దేశం. దాన్ని ఆనుకుని చెరువుల దేశం. అక్కడ చలికి నీళ్ళు గడ్డకట్టుకుపోతే జనం, పశువులు వాటి మీదే నడిచి వెళ్ళిపోతారట. మూడోది పచ్చికబయళ్ళ దేశం. అక్కడ మనుషులకన్నా గొర్రెలే ఎక్కువట, ఒక్కటీ వగర్చదట.

ఆ చివరి మాట కర్రెక్కను పట్టుకుంది. చచ్చేలోపు ఒక్కసారి, ఈ ఉన్ని బరువుగా కాకుండా హాయిగా అనిపించే చోట నిలబడి నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవాలి. ఆ ముసలి ప్రాణానికి ఇంకే కోరికా మిగల్లేదు.

ఇక ప్రయాణపు ముచ్చట్లు మొదలయ్యాయి. మిట్టమధ్యాహ్నం ఒకదాని పొట్టకింద ఒకటి తల దూర్చి నిలబడ్డప్పుడు గొర్రెలకు వేరే పనేముంటుంది? ఏ దేశం ముందు, ఏది వెనక అని రోజూ వాదనలే. మోకాళ్ళు అరిగిపోకముందే కొండలు చూసేయాలని ఇంకో గొర్రె బొల్లక్క పట్టుబట్టింది. కర్రెక్క ఒప్పుకోలేదు. ఎండలు ముదిరితే చెరువుల మీది గడ్డ కరిగిపోతుంది, కొండల మీది మంచు ఎక్కడికీ పోదు. కాబట్టి పోయేటప్పుడు కొండల్ని ఓరగా దాటేసి ముందు చెరువులు చూడాలి, తర్వాత పచ్చికబయళ్ళలో చుట్టాలింట్లో ఉన్నట్టు కొన్నాళ్ళుండి, కొండలు తిరుగు ప్రయాణంలో తీరిగ్గా చూడాలి. అలాగే తేల్చింది. అక్కడ తుమ్మకాయలు దొరక్కపోతే తను రానని సుంకక్క రోజూ చెప్పేది, అలా చెప్పడానికి రోజూ అందరికంటే ముందొచ్చి నిలబడేది.

అడ్డంకులు రెండు. ఉగాదికి కత్తెరలవాళ్ళు వస్తారు. ఉన్ని పోయాక చలిదేశం చూడబోవడమంటే చావబోవడమే, కాబట్టి పండగలోపే బయల్దేరాలి. ఇది పెద్ద చిక్కు కాదు. ముందు ఎవరు నడవాలన్నది అసలు చిక్కు. ఆ మాట వచ్చేసరికి మందంతా తలలు దించుకుంది. గొర్రెలకు నడవడం వచ్చు, ముందు నడవడం రాదు. ఎదురుగా ఒక తోక కనిపిస్తే ఎంత దూరమైనా పోతాయి. ఆ తోక ఎవరిదని అడగడం వాళ్ళ వంశంలోనే లేదు. బాతమ్మను అడిగితే, తనకు పైనుంచి తెలిసిన దారేగానీ కింద నేల ఎలా ఉంటుందో తెలియదని ఉన్నమాట చెప్పేసింది.

ఈ ముచ్చట్లన్నీ కంపచెట్ల చాటునుంచి విన్నవాడు ఒకడున్నాడు, నక్క నింగప్ప. మరునాడు ఓబన్న సంగటి తిని వేపచెట్టు కింద కునుకు తీస్తుండగా, కాపలా కుక్క బీరడు మంద అవతలి చివర ఉన్న వేళ చూసి, ఒద్దికగా వచ్చి దూరంగా కూర్చున్నాడు. గొర్రెలు బెదిరాయి. ముసలివాణ్ణయ్యానని, మాంసం మానేశానని, చలిదేశాలు మూడూ రెండుసార్లు తిరిగొచ్చానని అతను చెప్పుకున్నాడు. తన తోక బొచ్చు అక్కడ పెరిగిందేనట. ఎండిపోయిన వాగు, ఆ వంక దాటితే రైలు కట్ట వస్తుంది, దాని వెంబడే పోతే ఉత్తరం, తను ముందు నడుస్తాడు. అంతటి తోక ముందుండి నడుస్తానంటే గొర్రెలకు సగం భయం అక్కడే పోయింది.

కర్రెక్క మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. "బీరణ్ణి అడిగి చెప్తాం. వాడూ మాతోనే వస్తాడు" అంది.

బీరడంటే ఆమెకు ప్రాణం. వాడు కళ్ళు తెరవకముందే తల్లి కుక్క చచ్చిపోయింది. అదే వారంలో కర్రెక్క పిల్ల కూడా పోయింది. ఓబన్న ఆ కుక్కపిల్లను తెచ్చి ఆమె పొదుగు దగ్గర పడుకోబెట్టాడు. అలా ఆ పాలతో పెరిగి మందకు కాపలా అయ్యాడు. ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. మిగతా గొర్రెలకు అది కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా వాడికి పట్టేది కాదు.

నింగప్ప నిట్టూర్చాడు. "వాడి ఒంటిమీద ఏముండాది తల్లీ? మీకైతే దేవుడు గొంగడి కప్పి పంపినాడు. ఆ చలికి వాడు బిగుసుకుపోతాడు. నా కండ్లతో చూసినా, అట్లాంటి కుక్కల్ని."

"వాణ్ణి ఈడే ఉండమని చెప్తాలే."

"చెప్తే ఉంటాడా? నిన్నిడిసి ఉంటాడా వాడు? వెంటబడి వచ్చి ఆ మంచులో పడి చస్తాడు. చెప్పకుండా పోతేనే వాడు బతికేది. ఆపైన నీ ఇష్టం."

పాపం, కర్రెక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి. జన్మంతా అతన్ని తరిమిన కుక్క బాగు కూడా కోరుతున్నాడే, ఎంత మంచి మనసో అనుకుంది. ఆ మంచితనం చూసే ఆమె నింగప్పను నమ్మింది. నక్కలు మన కడుపాశ మీద వల వేస్తాయని అందరూ జాగ్రత్త పడతారు, మన ప్రేమ మీద కూడా వేస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మరుసటి మధ్యాహ్నం బీరడు నాలుక వేలాడేసుకుని ఆమె పక్కకు వచ్చి కూర్చున్నాడు. "చెరువు కాడికి పోయి నీళ్ళు తాగి రాపో నాయనా, మేం ఈడే ఉంటాం" అంది కర్రెక్క. వాడికి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. వాడు తోక ఊపి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళాడు. వాడు కనుమరుగయ్యేదాకా ఆమె తలెత్తి చూస్తూ ఉండిపోయింది.

నింగప్ప ముందు నడిచాడు. అతని వెనక కర్రెక్క, ఆమె వెనక బొల్లక్క. రానన్న సుంకక్క, అసలు ఈ సంగతే తెలియని కుర్ర పొట్టేళ్ళు, అందరూ ముందువాళ్ళు కదిలారు కాబట్టి కదిలారు. ఓబన్న గురక పెడుతున్నాడు. దారి పొడుగునా కర్రెక్క గడ్డకట్టిన చెరువు మీద కాలు ఎలా పెట్టాలో అందరికీ చెబుతూనే ఉంది. ఆ కాస్త దూరం ఆమె నిజంగానే సంతోషంగా నడిచింది.

వంకలోకి దిగాక నింగప్ప ఆగి పక్కనున్న గుట్టెక్కి కూర్చున్నాడు. తోడు వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారని చెప్పాడు. రెండు తోడేళ్ళు చెరోవైపు నుంచి దిగి వచ్చాయి. ఎటు పరుగెత్తాలో చూపించే తోక లేక గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అక్కడే నిలబడిపోయాయి. ఇలాంటి విందులో ఎంగిలి ముక్కలు నక్కకు దక్కడం వాళ్ళ మధ్య పాత ఒప్పందం.

చెరువు నుంచి తిరిగొచ్చిన బీరడికి మంద ఉండాల్సిన చోట ఖాళీ నేల కనిపించింది. వాడు గట్టిగా మొరిగి ఓబన్నను లేపి, కర్రెక్క వాసన పట్టుకుని పరుగెత్తాడు. వంకలో రెండు తోడేళ్ళనూ ఒక్కడే అడ్డుకున్నాడు. ఓబన్న గుదియ కర్రతో కేకలు వేసుకుంటూ వచ్చేదాకా ఒక్క గొర్రె మీదా పన్ను పడనివ్వలేదు. తోడేళ్ళు ఖాళీ నోళ్ళతో పారిపోతూ, ఆ కోపంలో నింగప్పనే తరుముకుంటూ పోయాయి. అతను ఆ తర్వాత ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

కానీ బీరడు లేవలేదు. గొంతు దగ్గర, పొట్ట మీద పెద్ద గాయాలయ్యాయి. ఓబన్న నీళ్ళకోసం పరుగెత్తాడు. కర్రెక్క వచ్చి వాడి పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"యాడికి పోతాంటిరమ్మా?" అన్నాడు బీరడు. ఆ గొంతులో కోపం లేదు.

ఆమె అంతా చెప్పింది. బాతమ్మ కబుర్లు, మూడు దేశాలు, ముందు చెరువులు, తర్వాత పచ్చికబయళ్ళు, తిరిగొచ్చేటప్పుడు కొండలు. వాడు చెవులు నిక్కించి విన్నాడు.

"బాగుండాది. నన్నేల పిలవకపోతిరి?"

"నీకు ఉన్ని లేదు కదరా. ఆ చలికి చచ్చిపోతావని..."

ఆ మాట బీరడికి నిజంగానే అర్థం కాలేదు. "మీ నడమ పండుకుందును కదమ్మా" అన్నాడు.

మూడు దేశాలకు దారి ఆలోచించిన కర్రెక్క బుర్రకు ఇంత చిన్న సంగతి తట్టలేదు. వాణ్ణి ఒక్క మాట అడిగుంటే వాడే చెప్పేవాడు. మళ్ళీ చెప్పమన్నాడు బీరడు, ఆ నీళ్ళ మీద నడిచే దేశం గురించి. ఆమె మొదలుపెట్టింది. మందంతా చుట్టూ చేరి వింది. కథ చెరువు దాటి అవతలి గట్టు ఎక్కకముందే వాడి చెవులు వాలిపోయాయి. అది చూసి కూడా ఆమె ఆపలేదు, పచ్చికబయళ్ళ దాకా చెబుతూనే పోయింది.

నీతి: నీ మేలు కోరేవాడికి చెప్పకుండా బయల్దేరమన్నవాడు నీకు దారి చూపించేవాడు కాదు.